పదిహేడేళ్లు మింగిన ఉంగరం

బిల్బో బాగిన్స్ 111వ పుట్టినరోజు. పెద్ద చెట్టు కింద ఊరంతటికీ విందు, ఆకాశంలో బాణసంచా. కడుపునిండా తిని తీరుబడిగా కూర్చున్న బంధువుల ముందు బిల్బో నాలుగు మాటలు మాట్లాడి, వేలికి ఉంగరం తొడుక్కుని, అందరూ చూస్తుండగానే మాయమైపోతాడు. ఆ రాత్రే ఇల్లూ వాకిలీ, ఉంగరంతో సహా, తాను పెంచుకున్న ఫ్రోడోకి వదిలేసి ఊరు దాటి వెళ్లిపోతాడు. ఇక్కడిదాకా జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ పుస్తకం, పీటర్ జాక్సన్ తీసిన సినిమా ఒకే దారిలో నడుస్తాయి.

తర్వాత దారులు చీలిపోతాయి. సినిమాలో మాంత్రికుడు గాండాల్ఫ్ గుర్రమెక్కి దూరపు నగరానికి పోయి, పాత రాతప్రతులు తిరగేసి, ఆ ఉంగరం ఎంత ప్రమాదకరమైందో తెలుసుకుని పరుగున వెనక్కొస్తాడు. తెరమీద ఇదంతా కొద్ది నిమిషాల పని. ఫ్రోడో ముఖంలో ఏ మార్పూ ఉండదు. విషయం తెలిసిన వెంటనే మూట కట్టుకుని బయల్దేరతాడు. పుస్తకంలో గాండాల్ఫ్ వెళ్లి, మధ్యమధ్య వచ్చిపోతూ, సంగతి తేల్చుకుని చెప్పేసరికి 17 ఏళ్లు గడిచిపోతాయి. విందునాడు 33 ఏళ్లున్న ఫ్రోడో ఇల్లు విడిచేనాటికి 50 నిండిన పెద్దమనిషి. సంగతి తెలిశాక కూడా వెంటనే కదలడు. ఏప్రిల్‌లో తెలిస్తే సెప్టెంబరులో బయల్దేరతాడు. ఈలోగా ఇల్లు అమ్మేస్తాడు, వేరే ఊళ్లో ఉండబోతున్నానని ఇరుగుపొరుగుకి చెబుతాడు, పెట్టేబేడా సర్దుకుంటాడు. సినిమాలో ఆ పాత్ర వేసిన ఎలైజా వుడ్‌కు షూటింగ్ మొదలైనప్పుడు 18 ఏళ్లు.

పుస్తకానికీ సినిమాకీ ఉన్న తేడాలన్నీ రాసుకుంటూ పోతే అదే మరో పుస్తకమవుతుంది. అభిమానులు ఇరవై ఏళ్లకు పైగా ఆ పనిలోనే ఉన్నారు. వాటిలో చాలా తేడాలకు వేరు మాత్రం ఒక్కచోటే కనిపిస్తుంది. టోల్కీన్ కథలో కాలం పారుతుంది. రుతువులు మారతాయి, మనుషులు ముదురుతారు, ఒకచోట చేసిన మేలు వందల పేజీల తర్వాత ఇంకోచోట ఫలిస్తుంది. జాక్సన్ కథను వెనక నుంచి ఎవరో తరుముతుంటారు. ఆ పరుగులో జారిపోయినవీ ఉన్నాయి, పరుగువల్లే దొరికినవీ ఉన్నాయి.

టోల్కీన్ తొందరపడే మనిషి కాదు. 1892లో దక్షిణాఫ్రికాలో పుట్టి, ఇంగ్లండులో పెరిగి, ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిషు భాష బోధించిన ప్రొఫెసర్. ఒకరోజు విద్యార్థుల జవాబుపత్రాలు దిద్దుతూ, ఎవరో ఏమీ రాయకుండా వదిలేసిన పేజీ కనపడితే, దానిమీద నేలలో బొరియ చేసుకుని ఉండే ‘హాబిట్’ అనే జీవి గురించి ఒక వాక్యం రాశారు. హాబిట్లంటే ఏమిటో అప్పటికి ఆయనకే తెలియదు. మనిషిలో సగం ఎత్తు, పాదాల మీద దట్టమైన బొచ్చు, పూటకూ పూటకూ మధ్య ఇంకో పూట తినే అలవాటు, ఊరు దాటాలంటే భయం. ఇవన్నీ మెల్లగా వచ్చి చేరాయి. ఆ కథ రాతప్రతిని ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ తన పదేళ్ల కొడుకు రేనర్ చేతికిచ్చి చదివించాడు. పిల్లవాడు బాగుందని అభిప్రాయం రాసిచ్చి, కూలి కింద ఒక షిల్లింగు పుచ్చుకున్నాడు. అలా 1937లో ‘ది హాబిట్’ బయటికొచ్చింది. దానికి కొనసాగింపు కావాలని అడిగితే టోల్కీన్ రాయడం మొదలుపెట్టి 1949 దాకా రాస్తూనే ఉన్నారు. చేతికొచ్చింది వెయ్యి పేజీలు దాటిన ఒకే ఒక్క నవల. యుద్ధం తర్వాత కాగితం ప్రియమై, అంత లావు పుస్తకం ఒకేసారి వేసే ధైర్యం లేక, ప్రచురణకర్తలు 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వేశారు. లోకమంతా దాన్ని మూడు నవలల వరుస అనుకోవడానికి కారణం కాగితం ధర.

సినిమావాళ్లు ఆయన బతికుండగానే వచ్చారు. 1950ల చివర అమెరికా నుంచి వచ్చిన ఒక సినిమా కథనాన్ని టోల్కీన్ వరుసవారీగా చదివి, 1958లో పొడవాటి ఉత్తరంలో తప్పులన్నీ ఎత్తిచూపారు. కోపంగా రాసినా ఆ ఉత్తరం అనుసరణ మీద చక్కని పాఠం. అన్నీ ఇరికించి ప్రతిదాన్నీ కురచ చేసేకంటే, కొన్నిటిని పూర్తిగా తీసెయ్యడం మేలని ఆయన అభిప్రాయం. నడిచే చెట్లకాపరులైన ఎంట్‌ల కథకూ హెల్మ్స్ డీప్ కోట యుద్ధానికీ రెండింటికీ తగినంత చోటు లేకపోతే యుద్ధాన్నే తీసెయ్యమన్నారు, అసలు కథకు అది ముఖ్యం కాదు కాబట్టి.

నలభై ఏళ్ల తర్వాత జాక్సన్ రెండో సినిమాకు గుండెకాయగా ఎంచుకున్నది సరిగ్గా ఆ యుద్ధాన్నే. పుస్తకంలో ఒకే ఒక్క అధ్యాయం. సినిమాలో వాన, చీకటి, నిచ్చెనలు, కూలే గోడ. దాన్ని వెల్లింగ్టన్ దగ్గర ఒక రాతి క్వారీలో కోట కట్టి నెలల తరబడి రాత్రిళ్లు తీశారు. శత్రుసైన్యం హోరు కోసం జాక్సన్ వెల్లింగ్టన్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ విరామంలో మైదానంలోకి దిగి, వేలమంది ప్రేక్షకులతో రాక్షసభాషలో కేకలు వేయించి రికార్డు చేశాడు. ఆ యుద్ధం చూస్తూ ఊపిరి బిగబట్టని ప్రేక్షకుడు అరుదు. రచయిత అనవసరం అనుకున్నది తెరమీద అంత బలంగా నిలబడిందంటే, కాగితానికీ తెరకూ అవసరాలు వేరని ఒప్పుకోవాల్సిందే. అయితే దానికి మూల్యం ఎంట్‌లు చెల్లించారు. పుస్తకంలో ఆ చెట్లకాపరులు మూడు రోజులు సభ జరిపి, నిదానంగా ఆలోచించి, తమంతట తాము యుద్ధానికి కదులుతారు. సినిమాలో ముందు కాదంటారు. తర్వాత పిప్పిన్ అనే కుర్ర హాబిట్ వాళ్ల పెద్ద ట్రీబియర్డ్‌ను ఉపాయంగా నరికేసిన అడవివైపు తీసుకెళితే, అది చూసి ఆగ్రహిస్తారు. తన అడవి శివార్లలో చెట్లు కూలుతున్న సంగతి అడవికాపరికి తెలియకపోవడం ఎలా నమ్మడం? సినిమాలో మెప్పించని మార్పుల్లో ఇది ముందుంటుంది.

జాక్సన్ కన్నా ముందు ప్రయత్నించినవాళ్లున్నారు. 1978లో రాల్ఫ్ బాక్షి తీసిన యానిమేషన్ సినిమా సగం కథ దగ్గరే ఆగిపోయింది. అది చూసిన కుర్రాడు జాక్సన్ తర్వాత పుస్తకం కొనుక్కుని వెల్లింగ్టన్ నుంచి ఆక్లండ్ వెళ్లే రైల్లో చదివాడు. 1990ల్లో అతను ఈ కథతో స్టూడియోల చుట్టూ తిరిగినప్పుడు, మొదట ఒప్పుకున్న సంస్థ రెండు సినిమాలంది, ఖర్చు చూసి ఒక్కదానికి కుదించమంది. చివరికి న్యూలైన్ సినిమా అధిపతి రాబర్ట్ షే, మూడు పుస్తకాలున్నప్పుడు సినిమాలు మూడెందుకు కాకూడదని అడిగాడు. 1999 అక్టోబరు నుంచి 2000 డిసెంబరు దాకా, 274 రోజులు, మూడు సినిమాలూ కలిపి న్యూజిలాండులో ఒకేసారి తీశారు. 2001, 2002, 2003 డిసెంబర్లలో వరసగా విడుదలయ్యాయి. మూడో సినిమా ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ 11 ఆస్కార్లకు పోటీపడి పదకొండూ గెలుచుకుంది.

మాటామాటా అనే ఊరి దగ్గర గొర్రెల ఫారంలో హాబిట్ల పల్లె కట్టిన తీరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. షూటింగుకు దాదాపు ఏడాది ముందే అక్కడ కూరపాదులు, పూలమొక్కలు, కంచె తీగలు నాటి పెంచారు. తెర మీదికి వచ్చేసరికి అవి నిన్న తెచ్చి పెట్టినట్టు కాక, తాతలనాటి నుంచి అక్కడే ఉన్నట్టు కనిపించాలి. టోల్కీన్ పుస్తకాలకు బొమ్మలు వేసిన అలన్ లీ, జాన్ హోవ్‌లను పిలిపించి ఊళ్లనూ కోటలనూ గీయించారు. పొట్టి ఫ్రోడో, పొడుగు గాండాల్ఫ్ ఒకే బండి మీద పక్కపక్కన కూర్చున్న దృశ్యంలో నిజానికి ఎలైజా వుడ్ పక్కన లేడు. బండి బల్లనే రెండుగా చేసి అతణ్ణి కొన్ని అడుగులు వెనక కూర్చోబెట్టారు. కెమెరా కంటికి దూరం పొట్టితనంగా మారిపోయింది. ఇద్దరు నటులూ ఒకరి కళ్లలోకి ఒకరు చూడకుండానే చూస్తున్నట్టు నటించారు. టోల్కీన్ పదాలతో పోగుచేసిన ఆ ఊరి పాతదనాన్ని జాక్సన్ బృందం చెక్కతో, మట్టితో, తీగలతో పోగుచేసింది. సినిమా పుస్తకానికి అతి దగ్గరగా వచ్చిన చోటు ఇదే.

ఇక తీసేసినవాటిలో అభిమానులు ఎక్కువగా తలుచుకునేది టామ్ బాంబడిల్‌ని. పసుపు బూట్లు, నీలం కోటు, ఎప్పుడూ ఏదో పాట పాడుతూ అడవిలో భార్యతో ఉండే వింత ముసలాయన. ఫ్రోడో ఉంగరం తీసి ఇస్తే వేలికి పెట్టుకుంటాడు, ఏమీ కాదు, మాయం కూడా కాడు. నవ్వుతూ వెనక్కి ఇచ్చేస్తాడు. లోకాన్నంతా భయపెట్టే ఉంగరం ఒక మనిషికి ఆటవస్తువని చూపిస్తే సినిమాలో భయం నిలవదు. కాబట్టి ఆయన్ని తీసెయ్యడంలో తప్పు లేదు.

కానీ ఆయనతో పాటు ఇంకొకటి పోయింది. పుస్తకంలో బాంబడిల్ ఇల్లు దాటాక నలుగురు హాబిట్లనూ పాత సమాధుల్లో ఒక ప్రేతం బంధిస్తుంది. బాంబడిల్ వచ్చి విడిపించి, ఆ సమాధిలో దొరికిన పురాతన బాకులు తలా ఒకటి ఇస్తాడు. పూర్వం ఒక దుష్టరాజుతో పోరాడిన జాతివాళ్లు చేసుకున్న బాకులవి. ఆ రాజే ఇప్పుడు నల్లగుర్రపు రౌతులకు నాయకుడు. వందల పేజీల తర్వాత, కథలోని అతిపెద్ద యుద్ధంలో, మెర్రీ అనే హాబిట్ అదే బాకుతో అదే రాజు మోకాలి వెనక పొడుస్తాడు. మంత్రం సడలిపోతుంది, అక్కడే పోరాడుతున్న ఇయోవిన్ కత్తికి దారి దొరుకుతుంది. ఎప్పుడో చనిపోయిన కమ్మరి కష్టం ఎట్టకేలకు ఫలించిందని పాఠకుడికి ఒళ్లు జలదరిస్తుంది. సినిమాలో ఒక కొండమీద రాజవంశంవాడైన అరగార్న్ మూటలోంచి నాలుగు కత్తులు తీసి హాబిట్లకు పంచుతాడు. మెర్రీ కత్తి అక్కడా ఉంది, పొడవడమూ ఉంది. వెనకాల ఉన్న శతాబ్దాలు మాత్రం లేవు.

ఇయోవిన్ విషయానికొస్తే, అది పుస్తకమే చేయగలిగిన పని. రాజు మేనకోడలైన ఆమె, యుద్ధానికి రావద్దన్నా మగవేషం వేసుకుని వేరే పేరుతో సైన్యంలో చేరుతుంది. టోల్కీన్ ఆ పేరుతోనే రాసుకుంటూ పోతారు. యుద్ధభూమిలో శిరస్త్రాణం జారిపోయి జుట్టు విరబోసుకునేదాకా ఆమె ఎవరో చాలామంది పాఠకులు పట్టుకోలేరు. తెరమీద ముఖం దాచడం ఎలా? నటి మిరాండా ఓటో మనకు ముందే తెలుసు. కాబట్టి సినిమా రహస్యాన్ని వదులుకుని, ఆమె భయాన్నీ తెగువనూ దగ్గరగా చూపించే దారి పట్టింది. మంచి ఎంపికే.

కథ చెప్పే క్రమంలో తేడా ఇంకా లోతుగా ఉంది. రెండో సంపుటం సగందాకా అరగార్న్, మెర్రీ, పిప్పిన్‌ల కథే సాగుతుంది. ఫ్రోడో, అతని తోటమాలి శామ్ ఏమయ్యారో ఒక్క ముక్క ఉండదు. మిగతా సగమంతా వాళ్లిద్దరిదే, అవతలివాళ్ల జాడ ఉండదు. ఫ్రోడో శత్రువులకు చిక్కిన చోట ఆ సంపుటం ముగుస్తుంది. మూడో సంపుటంలో మళ్లీ యుద్ధం వైపు వెళ్లిపోతుంది. చివరికి శత్రురాజ్యపు నల్లద్వారం ముందు నిలబడ్డ అరగార్న్, గాండాల్ఫ్‌లకు శత్రువుల దూత ఫ్రోడో కవచం, అంగీ తెచ్చి చూపిస్తాడు. పాఠకుడికి కూడా వాళ్లకు తెలిసినంతే తెలుసు. ఫ్రోడో పట్టుబడ్డాడు, తర్వాతేమైందో తెలియదు. గాండాల్ఫ్‌తో పాటు పాఠకుడి గుండె కూడా జారిపోతుంది.

జాక్సన్ ఇటు కాస్త, అటు కాస్త చూపిస్తూ రెండు కథలనూ కలిపి నడిపాడు. మూడు గంటల సినిమాలో గంటన్నర పాటు కథానాయకుడు కనపడకపోతే ప్రేక్షకుడు ఊరుకోడు కదా. కానీ ఆ పద్ధతిలో, నల్లద్వారం దగ్గరికి సైన్యం వచ్చేసరికే ఫ్రోడో తప్పించుకున్నాడని మనకు తెలుసు. అందుకే ఆ దూత సన్నివేశం థియేటర్ ప్రతిలో లేదు. తర్వాత డీవీడీల్లో వచ్చిన నిడివి పెంచిన ప్రతిలో పెట్టినా, అరగార్న్ కోపం కనపడుతుంది గానీ పుస్తకంలోని నిస్సహాయత రాదు.

ఇందుకు ఎదురుగా నిలిచే ఉదాహరణ బోరోమీర్ మరణం. ఉంగరం మీద ఆశపడి ఫ్రోడో మీద చెయ్యి చేసుకుని, వెంటనే పశ్చాత్తాపపడిన వీరుడతను. పుస్తకంలో అతని ఆఖరి పోరాటం కనిపించదు. రెండో సంపుటం మొదట్లో అరగార్న్ పరుగున వచ్చేసరికి ఒంటినిండా బాణాలతో చెట్టుకు చేరగిలబడి ఉంటాడు. జాక్సన్ దాన్ని మొదటి సినిమా చివరికి తెచ్చి, పోరాటం మొత్తం చూపించాడు. ఒక బాణం. మోకాళ్లమీద కూలతాడు, లేస్తాడు. రెండో బాణం. మళ్లీ లేస్తాడు. వెనక మెర్రీ, పిప్పిన్ బిక్కచచ్చి చూస్తుంటారు. శాన్ బీన్ ముఖంలో నొప్పికంటే సిగ్గు ఎక్కువ కనపడుతుంది. పుస్తకం చదివి బోరోమీర్‌ను క్షమించనివాళ్లను కూడా సినిమా క్షమింపజేసింది.

మనుషుల స్వభావాల్లో జాక్సన్, సహరచయితలు ఫ్రాన్ వాల్ష్, ఫిలిప్పా బోయెన్స్ చేసిన మార్పులు ఇంతకంటే వివాదమయ్యాయి. పుస్తకంలోని అరగార్న్‌కు తాను రాజునన్న విషయంలో సందేహం లేదు. విరిగిన వంశఖడ్గాన్ని వెంటే మోసుకు తిరుగుతాడు. సినిమా అరగార్న్ సింహాసనమంటేనే వెనకాడతాడు, పూర్వీకుడి బలహీనత తనలోనూ ఉందేమోనని భయపడతాడు. అదే భయం బోరోమీర్ తమ్ముడు ఫారమీర్ విషయంలోనూ పనిచేసింది. పుస్తకంలో అతను దారినపడి ఉన్నా ఆ ఉంగరాన్ని ముట్టనంటాడు, ఫ్రోడోను పంపించేస్తాడు. అంత తేలిగ్గా కాదంటే రెండు సినిమాలుగా పెంచుకొచ్చిన ఉంగరం బలం ఏమవుతుందన్నది రచయితల వాదన. కాబట్టి ఫారమీర్ ఫ్రోడోను బందీగా యుద్ధంలోకి లాక్కుపోతాడు, ఆఖరికి మనసు మార్చుకుంటాడు. వాళ్ల వాదనలో తర్కం ఉంది. అయినా వెయ్యి పేజీల కథలో మంచితనం తడబడకుండా నిలబడిన ఒక మనిషి ఉండటం పాఠకులకు ఎంత ఊరటో వాళ్లు తక్కువగా అంచనా వేశారు.

పాటల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. టోల్కీన్ పుస్తకంలో పద్యాలూ పాటలూ డజన్లకొద్దీ ఉంటాయి. నడుస్తూ పాడతారు, స్నానం చేస్తూ పాడతారు, చచ్చిపోయినవాళ్ల కోసం పాడతారు. సినిమాల్లో వాటిలో కొద్దివే మిగిలాయి, మిగతా పని హోవర్డ్ షోర్ సంగీతం చేసింది. ఈ కథ రంగస్థలం మీదికి సంగీతనాటకంగా వచ్చినప్పుడు, 2006లో టొరంటోలో, మరుసటి ఏడాది లండన్‌లో, సంగీతం కూర్చినవారిలో మన ఎ.ఆర్. రెహమాన్ ఒకరు.

సినిమా గెలిచిన చోట్లలో తలమానికం గొల్లమ్. ఒకప్పుడు హాబిట్ లాంటివాడే. ఉంగరానికి వశమై వందల ఏళ్లు చీకట్లో మగ్గి, ఎముకల గూడై, తనతో తాను మాట్లాడుకునే జీవి. నటుడు ఆండీ సెర్కిస్ కదలికలనూ గొంతునూ తీసుకుని కంప్యూటర్‌తో రూపం కట్టారు. రెండో సినిమాలో ఒక రాత్రి వాడిలోని ఇద్దరూ గొడవపడతారు. ఒకడు ఫ్రోడోను నమ్ముదామంటాడు, ఇంకొకడు చంపుదామంటాడు. మొదట కెమెరా ఒకే ముఖం మీద ఉంటుంది. తర్వాత ఒకసారి ఎడమనుంచి, ఒకసారి కుడినుంచి కోస్తూ పోతుంది. కాసేపటికి అక్కడ ఇద్దరు కూర్చుని ఉన్నారని కన్ను నమ్మేస్తుంది. పుస్తకంలో ఇదే మాటలపోరు సగం నిద్రలో ఉన్న శామ్ చెవిన పడుతుంది. రెండూ బాగుంటాయి గానీ, గొల్లమ్ మీద జాలి పుట్టించడంలో సినిమా ఒక అడుగు ముందుంది.

ఈ కథ నిలబడ్డది ఆ జాలి మీదే. చేతికి చిక్కిన గొల్లమ్‌ను బిల్బో ఒకప్పుడు చంపకుండా వదిలేశాడు. చంపి ఉంటే పోయేదని ఫ్రోడో అంటాడు. చావుబతుకులు నిర్ణయించడానికి అంత తొందరపడకని గాండాల్ఫ్ మందలిస్తాడు. పుస్తకంలో ఈ సంభాషణ ఫ్రోడో ఇంట్లో, ప్రయాణం మొదలవకముందు జరుగుతుంది. సినిమా దాన్ని మోరియా గుహల చీకట్లోకి మార్చింది. గాండాల్ఫ్ దారి మరిచిపోయి కూర్చున్నాడు, కింద ఎక్కడో గొల్లమ్ పాకుతూ వెంబడిస్తున్నాడు, ఫ్రోడో వాణ్ణి కళ్లారా చూశాడు. అప్పుడు వచ్చే ఆ మాటలకు బరువు పెరిగింది. అనుసరణ ఎలా ఉండాలో ఎవరైనా అడిగితే చూపించదగ్గ సన్నివేశమది.

అంత శ్రద్ధగా నాటిన విత్తనాన్ని చివర్లో మాత్రం సరిగా కోసుకోలేదు. ఉంగరాన్ని పడేసి నాశనం చెయ్యాల్సిన అగ్నిపర్వతం అంచున ఫ్రోడో ఓడిపోతాడు, ఉంగరం నాదంటాడు. గొల్లమ్ వేలు కొరికి ఉంగరం లాక్కుంటాడు. పుస్తకంలో వాడు ఆనందంతో చిందులు వేస్తూ కాలుజారి అగ్నిలో పడిపోతాడు. ఎవరూ తొయ్యరు. బిల్బో, ఫ్రోడో, ఆఖరికి శామ్ కూడా వాణ్ణి చంపకుండా వదిలిన పుణ్యమే లోకాన్ని కాపాడుతుంది. సినిమావాళ్లు ముందు ఫ్రోడో తోసేసినట్టు తీసి, అది హత్యలా ఉందని మార్చారు. చివరి రూపంలో ఫ్రోడో లేచి వాడితో పెనుగులాడతాడు, ఇద్దరూ అంచు దాటతారు, ఫ్రోడో వేలాడుతుంటే శామ్ చెయ్యి అందిస్తాడు. ఆ చెయ్యి అందించడం గుండెను తడుపుతుంది. కానీ పెనుగులాట రావడంతో, దయవల్ల జరిగిన పని బలంవల్ల జరిగినట్టయింది.

ఇన్నీ చెప్పాక ‘ది హాబిట్’ సంగతి తలుచుకుంటే బాధే కలుగుతుంది. వెయ్యి పేజీల పుస్తకం మూడు సినిమాలైనప్పుడు ఏం తియ్యాలన్నది సమస్య. మూడొందల పేజీల పిల్లల పుస్తకాన్ని 2012, 2013, 2014లో మళ్లీ మూడు సినిమాలు చేసినప్పుడు ఏం చేర్చాలన్నది సమస్య. మొదట రెండే అనుకున్నారు, 2012 జులైలో మూడోది ప్రకటించారు. మొదటి మూడు సినిమాల్లోని లెగోలాస్, ఈ పుస్తకంలో లేకపోయినా వచ్చాడు. టారియల్ అనే పాత్రను కొత్తగా పుట్టించి ప్రేమకథ అల్లారు. పుస్తకంలో ఎప్పుడో చచ్చిపోయిన అజోగ్‌ను బతికించి ప్రతినాయకుణ్ణి చేశారు. పుస్తకంలో ఆఖరి యుద్ధం మధ్యలోనే బిల్బో తలకు రాయి తగిలి స్పృహ తప్పుతుంది, మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఆ కాస్త యుద్ధం మీద ఒక పూర్తి సినిమా నడిపారు. బిల్బోగా మార్టిన్ ఫ్రీమన్, చీకటి గుహలో గొల్లమ్‌తో అతని పొడుపుకథల పోటీ చక్కగా కుదిరాయి. అది పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, నిదానంగా తీసిన ఘట్టం. టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్ తండ్రి రాతప్రతుల మీద జీవితమంతా పనిచేసినవాడు. 2012లో ఒక ఫ్రెంచి పత్రికతో మాట్లాడుతూ, తండ్రి పుస్తకాన్ని కుర్రకారు కోసం పోరాటాల సినిమాగా మార్చేశారని వాపోయాడు. మొదటి మూడు సినిమాల విషయంలో ఆ మాట మరీ కఠినం. తర్వాతి మూడింటి విషయంలో కాదనడం కష్టం.

తిరిగి అసలు కథకు వస్తే, పుస్తకంలో ఉంగరం నాశనమయ్యాక ఇంకా వంద పేజీల దాకా మిగిలి ఉంటుంది. నలుగురు హాబిట్లు ఇంటికొచ్చేసరికి వాళ్ల సీమ షైర్ గుర్తుపట్టలేకుండా ఉంటుంది. ఓడిపోయిన మాంత్రికుడు సారుమాన్ వాళ్లకంటే ముందు వచ్చి పెత్తనం చేస్తున్నాడు. చెట్లు నరికేశారు, బిల్బో విందు జరిగిన చెట్టుతో సహా. మర నల్లటి పొగ కక్కుతోంది. ఊరివాళ్లను కూడగట్టి తరిమేస్తారు. ఆ పోరులో కూడా ఫ్రోడో అనవసరంగా ఎవరినీ చంపనివ్వడు, తనను పొడవబోయిన సారుమాన్‌ను సైతం వదిలెయ్యమంటాడు. జాలి మళ్లీ ఇక్కడికొచ్చి చేరుతుంది. టోల్కీన్ చిన్నప్పుడు బర్మింగ్‌హామ్ శివారు సేర్‌హోల్‌లో ఒక పాత మర పక్కనే పెరిగారు. ఆ పల్లెను నగరం మింగేసిందన్న దుఃఖం ఆయన్ను వదల్లేదు.

సినిమాలో ఈ ఘట్టమే లేదు. ఫ్రోడో మంత్రజలంలో మండుతున్న షైర్‌ను ఒక్క క్షణం చూస్తాడు, అంతే. ఇది పోవడంతో దీనికి కట్టి ఉన్న ముడులన్నీ ఊడిపోయాయి. పుస్తకంలో ఎల్ఫ్ జాతి రాణి గలాడ్రియల్ తోటమాలి శామ్‌కు ఇచ్చే కానుక చిన్న పెట్టె. అందులో ఆమె తోట మట్టి, ఒక విత్తనం. యుద్ధాలన్నీ దాటించి దాన్ని భద్రంగా తెచ్చుకున్న శామ్ ఆ మట్టిని చిటికెడు చిటికెడుగా ఊరంతా చల్లుతాడు. విందు చెట్టు కూలిన చోట విత్తనం నాటితే మరుసటి వసంతానికి వెండి బెరడు, బంగారు పూలతో కొత్త చెట్టు లేస్తుంది. సినిమాలో బాగుచెయ్యాల్సిన ఊరు లేదు కాబట్టి మట్టి అక్కర్లేకపోయింది. శామ్‌కు తాడు ఇచ్చారు.

దానికి బదులుగా జాక్సన్ ఒక చిన్న దృశ్యం పెట్టాడు, అది పుస్తకంలో లేదు. నలుగురూ పాత అలవాటు ప్రకారం ఊళ్లోని పానశాలలో కూర్చుంటారు. చుట్టూ ఎప్పటి గోలే. ఎవరో ముసలాయన కాపుకొచ్చిన పెద్ద గుమ్మడికాయను ముద్దుగా మోసుకొస్తే అందరూ దాని చుట్టూ మూగుతారు. వీళ్లను ఎవరూ పట్టించుకోరు. ఎక్కడికెళ్లారని, ఏం చూశారని అడిగేవాడు లేడు. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట లేకుండా గ్లాసులు ఎత్తుతారు. 1916లో సోమ్ కందకాల్లో సైనికుడిగా పనిచేసి, యుద్ధం ముగిసేనాటికి దగ్గరి స్నేహితుల్లో ఒక్కరు తప్ప అందరినీ పోగొట్టుకున్న టోల్కీన్ జీవితానికి, ఆ మూగ నిమిషం ఏ యుద్ధదృశ్యం కంటే దగ్గరగా ఉంది.

గాయం మానని ఫ్రోడో పుస్తకంలోనూ సినిమాలోనూ ఓడెక్కి పశ్చిమానికి వెళ్లిపోతాడు. సాగనంపిన శామ్ ఒక్కడే ఇంటిదారి పడతాడు. పుస్తకంలో లోపల దీపం, పొయ్యిలో మంట, సిద్ధంగా ఉన్న రాత్రిభోజనం. భార్య రోజీ లోపలికి తీసుకుపోయి, కూతురు ఎలనార్‌ను ఒళ్లో కూర్చోబెడుతుంది. సినిమాలో గుండ్రటి పసుపు తలుపు, ఎదురు పరుగెత్తుకొచ్చే పాప. ఆ పాప శామ్ పాత్రధారి శాన్ ఆస్టిన్ సొంత కూతురే. వేల మార్పులు చేసిన జాక్సన్ ఇక్కడ ఆఖరి మాటను మాత్రం మార్చలేదు. రెండుచోట్లా శామ్ నోట ఆఖరుగా వచ్చే మాట ఒక్కటే, తాను తిరిగొచ్చానని. తర్వాత తెరమీద తలుపు మూసుకుంటుంది.